బాలబాలికల టెన్నిసు దుస్తులు

ఆటకు దుస్తులతో నేమి పని యని పెద్దలు కొందరు అడుగుచుందురు. టెన్నిసు చరిత్ర నెఱిగినవారికి దీని యుత్తరము సులభముగనే తోచును.

ఇంగ్లండునందు వింబుల్డను పోటీలు 1877లో ప్రారంభమయ్యెను. స్త్రీల పోటీలు 1884లో మొదలయ్యెను. ఆ కాలమున స్త్రీలు నేలనంటు పావడలను, నడుమును బిగించు కార్సెట్టులను ధరించియే ఆడెడివారు. పురుషులు పొడవుచేతుల చొక్కాలను, నిండు లాగులను తొడిగెడివారు.

1887లో లాటీ డాడ్ అను బాలిక అచ్చట విజయము గాంచెను. అప్పటికామె వయస్సు 15 ఏండ్లే. బాలిక యగుటచే పిక్కలవఱకే యుండు పావడ ఆమెకు చెల్లెను. పెద్దవారు పావడలు కాళ్లకడ్డుపడుచుండ మెల్లగా కదలుచుండగా, ఆమె యథేచ్ఛగా పరుగెత్తెను. గెలిపించినది ఆమె నేర్పే. కాని ఆ నేర్పునకు దుస్తులు అడ్డురాలేదు. అచ్చట స్త్రీల సింగిల్సునందు అంత చిన్నవయస్సున గెలిచినవారు నేటికిని వేఱొకరు లేరు.

బాలికకు లభించిన ఆ సౌకర్యము పెద్దలకు దక్కుటకు మఱి ముప్పదియేండ్లు పట్టెను. 1919లో సుజాన్ లాంగ్లెన్ కార్సెట్టును విడిచి, పొట్టిచేతుల గౌనుతో ఆడగా జనులు విస్తుపోయిరి. 1926లో రెనే లకోస్త్ పొట్టిచేతుల అల్లిక చొక్కాతోను, 1933లో బన్నీ ఆస్టిన్ వింబుల్డనునందు పొట్టి లాగుతోను ఆడిరి. నాటి వింతలే నేటి పిల్లల వాడుక దుస్తులు.

మార్పు ఇంకను ముగియలేదు. వింబుల్డనునందు బాలబాలికలును తెల్లని దుస్తులే ధరింపవలెను. ఋతుకాలమున దానివలన కలుగు కలవరమును గుర్తించి, 2023 నుండి స్త్రీలును బాలికలును పావడక్రింద ముదురురంగు పొట్టి లాగు తొడుగవచ్చునని నియమమును సడలించిరి.

మర్యాద వలదా యని యడుగుదురేమో. తప్పక వలయును. శుభ్రమైన, ఒడలికి సరిపడు దుస్తులలో మర్యాదకు లోపమేమి? వెలగల చొక్కా లేదని బాలుడు ఆటకు రాకుండుటయు, దుస్తులకు సిగ్గుపడి బాలిక ఆట మానుటయు నాకు మిక్కిలి విచారకరములుగ తోచుచున్నవి. ఇవి యీ కాలపు కార్సెట్టులు.

కావున తలిదండ్రులారా, దుస్తులు కొనునపుడు కంపెనీ పేరు చూడకుడు. బిడ్డను చేయి పైకెత్తుమనుడు, వంగుమనుడు, నాలుగడుగులు పరుగెత్తుమనుడు. ఎచ్చటను బిగియనిచో, చెమటను పీల్చు సాదా నూలుబట్టయే చాలును. అట్టి దుస్తులతో వచ్చు ప్రతి బిడ్డకును ఆటస్థలమున చోటుండవలెనని నా మనవి.