పసుపు వేరు, పసుపు మాత్ర వేరు

మా మదరసాలో చదివే ఒక బాలుని తండ్రి మొన్న జుమా నమాజు తరువాత మమ్మల్ని కలిశారు. షుగర్ వ్యాధికి డాక్టరు రాసిన మాత్రలు మానివేసి, పసుపు సారం క్యాప్సూళ్లు మింగుతున్నానని సంతోషంగా చెప్పారు. "మన వంటింటి పసుపే కదా మౌలానా సాబ్, హాని ఏముంటుంది?" అన్నారు. ఆ ప్రశ్న మరెన్నో ఇళ్లలో ఉన్నది గనుక ఈ నెల దానినే తీసుకుంటున్నాము.

పసుపుకు రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. కొమ్ములో ఇది నూటికి సుమారు మూడు పాళ్లు. దాని అణువులో రెండు చివరల రెండు వలయాలు, వాటిని కలుపుతూ ఏడు కార్బన్ల గొలుసు ఉంటాయి. చిక్కంతా దాని స్వభావంలోనే ఉన్నది. అది నీటిలో దాదాపు కరగదు. పేగుల నుండి రక్తంలోకి చేరేది అత్యల్పం. చేరినదానిని కూడా కాలేయం త్వరత్వరగా రూపు మార్చి బయటికి పంపివేస్తుంది. మన రక్తమంత క్షారత గల ద్రావణంలో ఉంచి పరీక్షించినప్పుడు అరగంటలోనే నూటికి తొంభై పాళ్లు విచ్ఛిన్నమైనది.

అందుకే రసాయన శాస్త్రవేత్తలు ఆ అణువునే సవరించసాగారు. గొలుసుకు హైడ్రోజన్ చేర్చితే టెట్రాహైడ్రోకర్క్యుమిన్ వస్తుంది. దానికి రంగు ఉండదు. పసుపుదనమే లేని పసుపు! అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గొలుసును కుదించి ఇఎఫ్24 అనే పదార్థాన్ని తయారుచేశారు. ఇటువంటివి ప్రయోగశాలలో ఆశ కలిగించిన మాట నిజమే. అయితే ఇవి మన నానమ్మలు వాడిన పసుపు కావు. కొత్త పదార్థాలు. వాటి మేలునూ, కీడునూ, మోతాదునూ మొదటి నుండి నిరూపించవలసిందే.

అణువును మార్చకుండా మరొక ఉపాయమూ ఉన్నది. 1998లో బెంగళూరు పరిశోధకులు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల సారం, ఇచ్చి చూడగా రక్తంలోకి చేరడం ఇరవై రెట్లు పెరిగింది. శరీరం మందును బయటికి పంపే మార్గాన్ని పైపరిన్ అడ్డగిస్తుంది. కాని అడ్డు ఒక్క కర్క్యుమిన్‌కే కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల మోతాదు కూడా రక్తంలో పెరుగుతుంది. ఆ తండ్రి చూపిన సీసా మీదా పైపరిన్ పేరున్నది.

2017లో ఒక అమెరికన్ ఔషధ రసాయన పత్రికలో వచ్చిన సమీక్ష, అంతవరకు కట్టుదిట్టంగా జరిగిన పరీక్షలలో కర్క్యుమిన్ ఏ వ్యాధికీ మందుగా నెగ్గలేదని తేల్చింది. 2019లో ఇటలీలో పసుపు సారం మాత్రలు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి.

ఆయనను ఆ సీసాతో సహా డాక్టరు వద్దకు పంపాము. "మరి కూరలో పసుపు?" అని గుమ్మం వద్ద ఆగి అడిగారు. నిశ్చింతగా వేయించుకొమ్మన్నాము. రక్త పరీక్ష కాగితం వచ్చే జుమాకు తెస్తానన్నారు.