స్టోక్ పార్కు విక్రయము

ఇంగ్లండు దేశమున బకింగుహాంషైరు మండలమందు స్టోక్ పోజెస్ అను గ్రామము చెంత స్టోక్ పార్కు అను పురాతన సౌధ మొకటి కలదు. 300 ఎకరముల ఉద్యానవనము, 49 గదుల హోటలు, భోజనశాల, గాల్ఫు క్రీడాస్థలము విక్రయకాలమున దానికి చేరియుండెను. 2021 ఏప్రిలులో మన దేశపు రిలయన్సు సంస్థ దీనిని 5 కోట్ల 70 లక్షల పౌనులకు కొనెను. మన నేలినవారి మేడలను నేడు మనము కొనుచున్నామని ఆ వార్త విని పొంగినవారు లేకపోలేదు. ఆ సంతోషము స్వాభావికమే. దానిని మేము పరిహసింపము. కాని ధనముతో మేడ చేజిక్కవచ్చును గాని, ప్రతిష్ఠ దానివెంట దానంతట రాదు. ఆ సౌధము చరిత్రయే ఇందుకు సాక్షి.

ఈ మేడను కట్టించిన జాన్ పెన్, అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్నుకు మనుమడు. ఆ రాష్ట్రపు విశాలభూములు తరతరములుగా ఆ కుటుంబమువారివే. స్వాతంత్ర్యసమరము సాగుచుండగా, 1779లో, అచ్చటి శాసనసభ ఆ భూములను ప్రజాపరము గావించి, పెన్ను కుటుంబమునకు 1,30,000 పౌనుల పరిహార మియ్య నిశ్చయించెను. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసిన వృత్తాంత మెరిగిన మన పాఠకులకు ఈ కథ క్రొత్తగా తోపదు. దేశాంతరమున రాజ్యమువంటి ఆస్తి పోయిన పిదప జాన్ పెన్ స్వదేశమున జేమ్స్ వాయట్ అను శిల్పిచే ఈ సౌధమును తీర్చి దిద్దించెను. ఆ గ్రామపు చర్చి ఆవరణమున సమాధియైన గ్రే మహాకవికి 1799లో స్మారకచిహ్నము నెత్తించినదియు నితడే. పెన్నుల భూస్వామ్య మంతరించినది. ఆ స్మారకచిహ్నము నేటికిని నిలిచియున్నది.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ భవనము, బ్రయంట్ అండ్ మే అను అగ్గిపెట్టెల కంపెనీకి చెందిన విల్బర్‌ఫోర్స్ బ్రయంట్ వశమయ్యెను. ఆ కంపెనీ కర్మాగారమున పనిచేయు బాలికల స్వల్పవేతనములను, వారిపై విధించు జరిమానాలను 1888లో ఒక వనిత పత్రికాముఖమున బయలుపరచెను. వెంటనే సుమారు 1,400 మంది పనిమాని, కోర్కెలు సాధించిరి. ఆ వనితయే అనంతరము మన దేశమున హోంరూలు ఉద్యమమును నడపి, 1917లో కాంగ్రెసు అధ్యక్షపీఠ మెక్కిన అనీబిసెంటమ్మ. మేడ గోడలు తెల్లగనే యుండెను. అగ్గిపుల్లల బాలికల ఉసురు మాత్రము యజమానుల పేరును వదలలేదు.

1908లో ఈ భవనము క్లబ్బుగా మారెను. హారీ కోల్టు గాల్ఫుస్థలమును రచించెను. ఇట్టి మార్పు దీని కొక్కదానికే కలిగినది గాదు. 1894లో విధింపబడిన మరణపన్ను క్రమముగా పెరిగి, 1949 నాటికి మిక్కిలి పెద్ద ఆస్తులపై నూటికి 80 వంతుల వరకు పోయెను. పల్లెలలోని ప్రభువుల మేడలు కొన్ని పాఠశాలలైనవి, కొన్ని హోటళ్లైనవి, అనేకములు నేలకూలినవి. కూలిన భవనములు వేయికి మించియుండుట 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల జనులకు చూపినది. బాటసారికి అన్నము పెట్టి అద్దె పుచ్చుకొన్న మేడ బ్రతికినది; బిగువుతో తలుపులు మూసికొన్న మేడ పాడుపడినది.

మిగిలినవానిని కాపాడుటకు అచ్చటివారు చట్టమును కట్టుదిట్టము గావించిరి. 1968 శాసనమును బట్టి, జాబితాలో చేరిన కట్టడమును యజమానియైనను అనుమతి లేక కూల్చరాదు. దాని స్వరూపము మార్చరాదు. అట్లు చేయుట నేరము. స్టోక్ పార్కు సౌధము ఆ జాబితాలో మొదటి తరగతిది. కావున దానిని కొన్నవాడు ఇష్టారాజ్యమును కొనలేదు. ఒక పూచీని కొనెను.

రిలయన్సు సంస్థయు ఇది యెరుగకపోలేదు. అంబానీ కుటుంబము లండనునకు తరలిపోవునను వదంతులను 2021 నవంబరులో ఖండించుచు, స్థానిక నిబంధనలకు లోబడి ఈ స్థలమును క్రీడావిహారకేంద్రముగా అభివృద్ధి చేయుదుమని ప్రకటించెను. 2023 ఆగస్టులో ఒబెరాయి హోటళ్ల సంస్థతో కలిసి నిర్వహించుటకు ఒడంబడికయు ప్రకటింపబడెను. ఇవి మంచి మాటలే. కాని చిరకాలముగా అచ్చట ఆడుకొన్న సభ్యులు, అచ్చట కొలువుచేసి పొట్టపోసికొన్నవారు, ఆ తోట సరిహద్దున నివసించు గ్రామస్థులు — వీరి మనస్సులలో భారతీయ యజమాని యెట్టివాడని నిలుచునో, విదేశమున మన దేశమునకు వచ్చు పేరు అదియే. అన్యులు మన గడ్డపై యజమానులై మెలగినపుడు మనమేమి కోరితిమో, దానిని నేడు మనము చేసి చూపవలయును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. మన యింట సంగతి యెట్లున్నది? హైదరాబాదులోని ఫలకనుమా ప్రాసాదము తాజు సంస్థచే మరమ్మతులు పొంది, 2010లో హోటలుగా తెరువబడి నిలిచినది. ఆ నగరమందే నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన ఇర్రంమంజిలును కూల్చి శాసనసభాభవనము కట్టదలచిన ప్రభుత్వ నిర్ణయమును 2019 సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము కొట్టివేయవలసి వచ్చెను. పౌరులును, నవాబు వంశీయులును న్యాయస్థానము మెట్లెక్కియుండనిచో ఆ కట్టడము గతి యేమై యుండెడిదో చెప్పనక్కరలేదు. పరదేశమున యజమానిచేతులు కట్టు చట్టమున్నది. ఇచ్చట ప్రభుత్వమునే న్యాయస్థానమున కీడ్చి కట్టడమును దక్కించుకొనవలసి వచ్చినది.

కోస్తా మండలములందును, తెలంగాణమందును పాతకోటలు, దివాణములు ఎవరి స్వాధీనమున నున్నవో ఆ పెద్దలకు మే మొక మాట విన్నవించుచున్నాము. అమ్మవలసివచ్చిన అమ్ముడు, అందు అవమానము లేదు. కాని కూల్చి స్థలమమ్ముకొనువానికి గాక, నిలిపి జీవింపజేయువానికి అమ్ముడు. ప్రభుత్వములును జాబితాలు ప్రకటించి ఊరకుండక, వానికి చట్టబలము చేకూర్చి, మరమ్మతులకు ధనసాహాయ్య మియ్యవలయును. స్టోక్ పార్కును కొనగల సంపద మన దేశమున కలదని రుజువైనది. ఇర్రంమంజిలును నిలుపగల బుద్ధి కలదని రుజువు కావలసియున్నది.