ఆటకూ అంకెకూ మధ్య వంతెన

యూకేజీ పిల్లలు వంద దాకా తప్పు లేకుండా రాస్తే పెద్దలు సంబరపడతారు. కానీ ఏడు గవ్వలు ఎక్కువో తొమ్మిది ఎక్కువో తేల్చలేని పిల్లలకు వచ్చింది రాతే, లెక్క కాదు. ఆరు దీర్ఘకాల పరిశీలనలను కలిపి గ్రెగ్ డంకన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, బడిలో చేరేనాటి గణిత అవగాహనే తరువాతి చదువును అన్నిటికన్నా బలంగా సూచించింది. దీన్ని చూపి మూడేళ్లకే ఎక్కాలు బట్టీ పట్టించడం అన్యాయం. కొలిచింది అవగాహనను, జ్ఞాపకశక్తిని కాదు.

అయితే ఆటలే చాలంటారా? ఆ మాటా పూర్తిగా నిలవదు. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ఢిల్లీ ప్రీస్కూళ్లలో గణితపు ఆటలు ఆడించి 2017లో ఫలితాలు ప్రకటించారు. రాశులను చూపుతో పోల్చే నేర్పు పెరిగింది, నిలిచింది కూడా. అంకెల లెక్కల్లో మెరుగుదల మాత్రం తొలినాళ్లకే పరిమితం. తర్వాత బడిలో గణితం నేర్చుకోవడానికి ఆ ఆటలు అక్కరకు రాలేదు. కాబట్టి వామనగుంటల్లో చింతపిక్కలు వేస్తున్నప్పుడే ఆ సంఖ్యను పిల్లల నోట పలికించాలి, పక్కనే అంకెను చూపించాలి. అంగన్‌వాడీ టీచర్‌కు ఇంత తీరికెక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే. పోషకాహార పంపిణీ, రిజిస్టర్ల భారం ఆమె ఒక్కరిపైనే మోపి ఫలితాలు అడగడం తగదు. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాదులు వేసేందుకు కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు నెరవేరాలంటే ప్రభుత్వాలు ముందు ఆమెకు సమయం, శిక్షణ ఇవ్వాలి.