పిల్లలకు గిట్టుబాటు లెక్క

తిరుప్పూరు ప్రాంతమున మగ్గముల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు 6వ తరగతి నుండియే స్ప్రెడ్‌షీటు నేర్పవలెనని మా అభిప్రాయము. ఊరక గడులు నింపించిన లాభము లేదు. ఒక చీరకు బడ్జెటు వేయింపవలెను. 40వ నంబరు నూలు పౌనుకు 40 చిలపలు, చిలపకు 840 గజములు. పడుగు, పేక, రంగు, కూలి వేరువేరు గడులలో వేసి, నూలు ధర మార్చినచో గిట్టుబాటు ఎట్లు మారునో పిల్లలే చూతురు. లిబ్రెఆఫీసు కాల్క్ ఉచితమే గనుక ఖర్చు సాకు చెల్లదు. అయితే తప్పు అంకె వేసిన యంత్రము తప్పే కూడును. కావున ముందు కాగితముపై వేయించి సరిచూడవలెను. తన కూలి లెక్క తాను వేసికొనలేని నేతగాడు ఇతరులు చెప్పినదే నమ్మవలసివచ్చును. మన బిడ్డలకు ఆ గతి పట్టరాదు. సభ్యులారా, మీ బడిలో ఈ మాట అడుగుడు.