ఇల్లు నచ్చింది సరే... రూల్స్ అడిగారా?

మా కొత్తగూడ వైపు ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి ఇంటి జాగా కావాలని అడిగితే, గజం ఎంత అన్నది తర్వాతి మాట. "ఇది 1/70 ఊరు కదమ్మా, నువ్వెట్ల కొంటవ్?" అన్నదే మొదటి మాట. టీ కొట్టు దగ్గర కూర్చున్న ముసలాయనకి కూడా ఆ అంకె నోటికి వచ్చు. 1959లో వచ్చిన ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ అది. దాని ప్రకారం గిరిజనేతరులు ఏజెన్సీలో గిరిజనుల దగ్గరే కాదు, మరో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి గానీ ఇల్లు గానీ కొనడానికి లేదు. అందుకే మా మండలంలో ఉద్యోగాలు చేసే టీచర్లూ, నర్సులూ చాలామంది అద్దెకుంటారు. కొనుక్కోవాలంటే నర్సంపేటో, మహబూబాబాదో, హనుమకొండో చూసుకుంటారు.

ధర కంటే ముందు రూలు అడగడం మాకు అలా అలవాటైపోయింది. అదే టౌనులో ఫ్లాటు చూడ్డానికి వెళ్లే ఆడవాళ్లని గమనించండి. వంటింటి గట్టు గ్రానైటా కాదా, పూజగదికి చోటుందా, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా... ఇవన్నీ గుచ్చిగుచ్చి అడుగుతారు. మగవాళ్లు లోను, రిజిస్ట్రేషను సంగతి చూసుకుంటారు. "ఈ బిల్డింగులో సంఘం ఉందా? దాని రూల్స్ ఏమిటి? కాగితం చూపిస్తారా?" అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగరు! ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఫ్లాటు కొని చూడు అన్న మూడో ముక్క కలపడానికి అప్పటికి అపార్టుమెంట్లు లేవు.

నిజానికి ఆ రూల్స్ తగిలేది ఎక్కువగా మనకే. ఆఫీసుకి పోయి రాత్రికి వచ్చే మనిషికి బాల్కనీలో బట్టలు ఆరేయొద్దంటే ఏం నష్టం? పనిమనిషి లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెడితే, నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చిన ఆమె ఆయాసం చూడాల్సింది మనం. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవాళ్లూ, సాయంత్రం పదిమంది పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్లూ, పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. "ఫ్లాట్లలో వ్యాపారం చేయరాదు" అన్న ఒక్క వాక్యం వాళ్ల చేతిలో ఆడే నాలుగు డబ్బుల్ని ఆపేస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ కింద సెల్లార్‌లో ఆడుకోనిస్తారా, లేక కార్లు తియ్యం పొమ్మంటారా? మేడారం నుంచి తెచ్చిన బెల్లం ఇంటింటికీ పంచితే తలుపు తీస్తారా? ఇవి చిన్న సంగతులని మగవాళ్లు అనుకుంటారేమో గానీ, ఇంట్లో గడిచే రోజంతా ఇవేగా!

ఇంకొకటుంది. అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, రేపు ఏదైనా జరిగితే మనిషిని ఎక్కడ పడుకోబెట్టనిస్తారు? ఇంటిముందు అరుగో, వాకిలో ఉన్న ఊళ్లో ఈ ప్రశ్నే రాదు. ఫ్లాట్లలో లిఫ్టులోకి స్ట్రెచర్ పట్టదు, సెల్లార్‌లో పెడితే పైవాళ్లు మూతి ముడుస్తారు, పదకొండో రోజు భోజనాలకి టెర్రస్ ఇవ్వమంటారు. అప్పటికప్పుడు ఏడుస్తూ సెక్రటరీ ఇంటి తలుపు కొట్టే గతి ఎవరికీ పట్టకూడదు. మా అత్తమ్మకి ఎనభై దాటాయి కాబట్టి నేను ప్రతి బిల్డింగులోనూ ఈ మాట అడిగాను. కొందరు నన్ను అపశకునం పక్షిని చూసినట్టు చూశారు. చూడనీ.

మేం కోయవాళ్లం. నేనూ, మా ఆయనా ఇద్దరం టీచర్లం. పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఇల్లు చూడటం మొదలుపెట్టి చాలా ఆదివారాలే తిరిగాం. ఒక బిల్డింగులో అన్నీ నచ్చాయి. గాలీ వెలుతురూ బావుంది, మంజీరా కనెక్షన్ లాంటి హైదరాబాద్ గొప్పలేం లేకపోయినా బోరులో నీళ్లున్నాయి. బేరం కూడా కుదిరేలా ఉంది. అప్పుడు సెక్రటరీగారు మెల్లగా, "మీరు నాన్‌వెజ్ తింటారా మేడమ్?" అన్నారు. తింటామన్నాను. "మా బిల్డింగులో వండుకోవడం లేదండీ. బయట తినొచ్చు, అభ్యంతరం లేదు" అన్నారు, అదేదో మాకు పెద్ద సౌకర్యం కల్పించినట్టు! ఆ రూలు ఎక్కడుందో చూపించండన్నాను. "రాసుకోలేదండీ, అందరం అనుకున్నాం" అన్నారు. అందరూ అంటే ఎవరని మళ్లీ అడిగితే ఆయన ఫోను మోగింది.

ఈ సంగతి స్కూల్లో చెప్తే మా తోటి టీచరు ఒకావిడ సూటిగా అడిగింది: "అదేంటి మేడమ్, మీ ఊళ్లో మేం గజం జాగా కొనకూడదని చట్టమే ఉంది. మా బిల్డింగులో మాంసం వద్దంటే మాత్రం తప్పా?"

అడగాల్సిన ప్రశ్నే. నేను రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఈ గీత దాటి ఫలానావాళ్లు రాకూడదనే రెండూ చెప్తున్నాయి. తేడా ఎక్కడంటే, ఆ రూలు ఎవరిని కాపాడుతోంది అన్న దగ్గర. ఉప్పుకీ, బట్టకీ, పెళ్లికి తెచ్చిన చిన్న అప్పుకీ ఎకరాలకి ఎకరాలు షావుకార్ల పేరున రాసిచ్చిన కుటుంబాలు ఏజెన్సీ అంతటా ఉన్నాయి. చదువురాని మనిషి వేలిముద్రకి అడ్డుకట్ట వెయ్యడానికి వచ్చింది 1/70. అది గెజిట్లో అచ్చయింది. దాని మీద వాదించుకోడానికి కోర్టులున్నాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సవాళ్లకి 1988లో జవాబొచ్చింది, చట్టం నిలబడింది. పైగా దాని బరువు మామీద కూడా ఉంది. కొనేవాళ్లు తక్కువ కాబట్టి మా భూమికి ధర రాదు. "నర్సంపేట అవతల ఎకరం ఎంత, మనది ఎంత!" అని మా తమ్ముడు పండక్కి వచ్చినప్పుడల్లా సణుగుతాడు. వాడి బాధ అబద్ధం కాదు. తెల్లకాగితాల మీద చేతులు మారిన జాగాలు కూడా ఏజెన్సీ సెంటర్లలో కనిపిస్తూనే ఉంటాయి. చట్టం ఉన్నంతమాత్రాన అంతా సవ్యంగా ఉందని నేననను.

మరి ఫ్లాట్లో నేను చేపల పులుసు పెడితే ఎవరి ఆస్తి పోతుంది? వాసన వస్తుంది, నిజమే. మూడో అంతస్తు దాకా వస్తుంది, కాదనను! గాలిగొట్టం సరిగ్గా పెట్టమనండి, చెత్త మూటగట్టి వెయ్యమనండి, చస్తే కాదనను. వండనే వద్దంటే మాత్రం వాసనని కాదు, మనిషినే వద్దన్నట్టు. పేరు చెప్పకుండా, కులం అడగకుండా, గిన్నెలో ఏముందని అడిగి వద్దనడం అది. ఇంటర్ చదివే పిల్ల కూడా ఇట్టే పట్టేస్తుంది. మా అమ్మాయి పట్టేసింది కూడా.

అయితే కోర్టుకి వెళ్తే మనమే గెలుస్తామన్న భరోసా ఏమీ లేదు. అహ్మదాబాదులో పార్సీలు పెట్టుకున్న ఒక సహకార గృహ సంఘం, పార్సీలు కానివాళ్లకి సభ్యత్వం లేదని బైలా రాసుకుంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2005లో తీర్పు సంఘానికి అనుకూలంగానే వచ్చింది. అమెరికాలో నల్లవాళ్లకి ఇళ్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఇప్పుడు డల్లాస్ లాంటి చోట్ల స్థిరపడిన మనవాళ్ల పిల్లల్ని అడగండి, గడ్డి ఎత్తు పెరిగినా, గోడకి రంగు మార్చినా సంఘంవాళ్ల ఉత్తరం వస్తుందంటారు. కాకపోతే అక్కడ ఆ రూల్స్ కాగితం కొనకముందే చేతికొస్తుంది. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చాక నోటిమాటగా వస్తుంది. నా కోపమంతా అక్కడే. "మాది శాకాహారుల భవనం" అని బైలాల్లో రాసి గేటు దగ్గరే చెప్తే, నచ్చనివాళ్లం నమస్కారం పెట్టి పక్క వీధికి పోతాం కదా! రాయని రూలుకి హద్దుండదు. ఇవాళ మాంసం, రేపు ఇంకోటి. మా అక్క కూతురు ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీలు చేసే ఒంటరి ఆడపిల్లకి అద్దెకివ్వడం మా సంఘానికి ఇష్టం లేదని రెండు బిల్డింగుల్లో చెప్పారు. ఆ సంఘాల బైలాల్లో అలాంటి ముక్క ఉందా అంటే దానికీ జవాబు లేదు.

కాబట్టి, బైలాలు అడగండి. సంఘం రిజిస్టరయిందా, సొసైటీల చట్టం కిందా, సహకార చట్టం కిందా, ఎన్నికలు చివరిసారి ఎప్పుడు జరిగాయి? పదేళ్లుగా ఒకాయనే సెక్రటరీ అంటే కాస్త ఆగి ఆలోచించండి. కొత్త ప్రాజెక్టయితే 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, సగానికి మించి ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడటం బిల్డరు బాధ్యత. కాకపోతే స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన చిన్న ఊళ్లలో కట్టే ఎన్నో బిల్డింగులు ఆ లెక్కలోకే వస్తాయి. అక్కడ మన జాగ్రత్త మనదే.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. మెయింటెనెన్సు ఫ్లాటుకింతనా, అడుగుకింతనా? అడుగుకి 3 రూపాయలనుకుంటే 1200 అడుగుల ఫ్లాటుకి నెలకి 3600, ఏడాదికి 43,200. లోను కంతులతో పాటు ఇది కూడా రాసుకోవాలి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో నెలకి 7500 దాటి, సంఘం ఏడాది వసూళ్లు 20 లక్షలు మించితే దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఈతకొలను చూసి పిల్లలు గంతులేస్తారు, దాని ఖర్చు మాత్రం ఈత రాని అత్తమ్మ వాటాలో కూడా ఉంటుంది. పాత ఫ్లాటయితే అమ్మేవాళ్లు బాకీలేమీ లేవని సంఘం దగ్గర కాగితం తెచ్చివ్వాలి. లేకపోతే వాళ్లు ఎగ్గొట్టిన లెక్కకి సంఘంవాళ్లు మన తలుపే కొడతారు.

కార్ పార్కింగ్ విడిగా ఇంత అని బిల్డరు రాస్తే, 2010లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తు చేయండి. స్టిల్టు కింద ఉన్న పార్కింగ్ అందరి ఉమ్మడి చోటు, దాన్ని ఫ్లాటులాగా విడిగా అమ్మడానికి లేదు అంది కోర్టు. కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్లకి ఇంకో ధైర్యం ఉంది. సంఘాలు మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. కుక్కకి ఉన్న సర్క్యులర్ కోడికూరకి లేదని మా ఆయన నవ్వుతారు.

చివరికి ఓటు సంగతి. సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానిదే. యజమాని అంటే దస్తావేజులో పేరున్న మనిషి. ఇద్దరి పేర్లున్నా ఓటు ఒక్కటే అని రాసుకున్న సంఘాలున్నాయి, అందులోనూ మొదటి పేరువాళ్లకే. ఆ మొదటి పేరు ఎవరిదో మీ ఇంట్లోనే తేల్చుకోండి. మీటింగులేమో ఆదివారం పొద్దున పదింటికి పెడతారు. ఆ టైంలో వంటింట్లో ఎవరుంటారో తెలిసిందేగా! లిఫ్టు ఎవరు ఎక్కాలి, బట్టలు ఎక్కడ ఆరేయాలి అన్నవన్నీ అక్కడ మగవాళ్లే తేల్చేసి టిఫినుకి ఇంటికొస్తారు.

మేం ఇప్పుడు ఇంకో బిల్డింగు చూశాం. బైలాల జిరాక్సు అడిగితే రెండు రోజుల్లో ఇచ్చారు, పద్నాలుగు పేజీలు. వంటల సంగతి అందులో లేదు. పనివాళ్ల లిఫ్టు గురించి మాత్రం ఒక లైను ఉంది. దాన్ని తీసేయాలంటే ఎంతమంది ఒప్పుకోవాలో పదకొండో పేజీలో రాశారు: మూడింట రెండొంతులు. ఉన్నవి పద్దెనిమిది ఫ్లాట్లు, అంటే పన్నెండు ఓట్లు కావాలి. వచ్చే ఆదివారం వెళ్లి అక్కడి ఆడవాళ్లని పలకరించి వద్దామనుకుంటున్నాను. అడ్వాన్సు ఆ తర్వాతే.