కారు చెప్పిన చుగ్లీ

మూడు నెలల కింద మా ఇంటికి కొత్త సెడాన్ వచ్చింది. పదకొండేళ్లు నడిపిన పాత కారు అమ్మి, మిగతాది కిస్తుల మీద తీసుకున్నాం. మొదటి వారం నాకూ దానికీ పడలేదు. టోలిచౌకి ఫ్లైఓవర్ మీద తెల్లగీత కొంచెం దాటితే స్టీరింగ్ నా చేతుల్లోంచి వెనక్కి గుంజుకునేది. పక్కనుంచి ఆటో దూరితే కుయ్యిమని అరిచేది. ఏసీ తగ్గించడానికి గుండీ లేదు, తెర మీద వెతుక్కోవాలి. వెనక సీట్లో అమ్మీ "యే గాడీ హై యా సాస్?" అని ఒకటే నవ్వు.

పది రోజుల్లో అన్నీ అలవాటయ్యాయి. ఇండికేటర్ వేసి పక్కకు తిప్పితే స్టీరింగ్ గుంజదని తెలిసింది. ఏసీ మాటతో చెప్పడం నేర్చుకున్నాను. వీటితో పాటు అలవాటు పడకూడని దానికి కూడా అలవాటు పడ్డాను. ఈ రోజు రాస్తున్నది దాని గురించే.

ఈ కారులో ఒక సిమ్ ఉంది. ఫోనులో యాప్ వేసుకుంటే బండి ఎక్కడుంది, ఎంత స్పీడులో పోతోంది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, అన్నీ కనిపిస్తాయి. మ్యాపు మీద గీత గీసి పెట్టుకుంటే, బండి ఆ గీత దాటగానే ఫోను మోగుతుంది. షోరూం కుర్రాడు "మేడమ్ గానీ పాప గానీ నడిపితే మీకు ఫికర్ ఉండదు సార్" అన్నాడు. నేను మాషా అల్లాహ్ అనుకున్నాను. ఇంటి చుట్టూ ఐదు కిలోమీటర్ల గీత గీశాను. మా బేటీ డిగ్రీ ఆఖరి సంవత్సరం. లైసెన్సు వచ్చి ఏడాదైంది. గీత సంగతి తనకు చెప్పలేదు.

ఒకరోజు అసర్ వేళ ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. మ్యాపు చూస్తే బండి అఫ్జల్‌గంజ్‌లో ఉంది. కదలడం లేదు. ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు. రాస్తున్న వార్త పక్కన పెట్టి ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు "కాఁ హై బేటీ?" అని అడిగాను.

"అఫ్జల్‌గంజ్‌లో, స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఉన్నా అబ్బా. ప్రాజెక్టుకి పాత అఖ్బార్లు కావాలి" అంది.

రాత్రి ఛార్జింగ్‌కి పెట్టిన నా ఫోనులో ఆ అలర్టు తన కంటపడింది. గట్టిగా ఏమీ అనలేదు. "మీకు ముందే తెలుసు కదా అబ్బా. మరి నన్ను అడిగారా, ఇమ్తెహాన్ పెట్టారా?" అంది.

జవాబు లేదు నా దగ్గర. అంతకంటే సిగ్గుచేటు మాట ఇంకొకటుంది. అదే బండి మా పెద్దోడు దోస్తులను ఎక్కించుకుని రాత్రి పన్నెండుకు తీసుకుపోయినప్పుడూ ఆ అలర్టు వచ్చింది. వేలితో పక్కకు తోసేసి పడుకున్నాను. గీత బండికి గీశానని నాకు నేను చెప్పుకున్నాను. గీసింది బేటీకి.

మన ఇళ్లలో ఈ యాపు ఎవరి మీద నడుస్తోందో ఒక్కసారి చూడండి. బీవీ, బహూ, బేటీ. వెనకటికి మొహల్లాలో ఎవరో ఒక ఖాలా ఉండేది, ఎవరింటి పిల్ల ఎటు పోయిందో లెక్క చెప్పేది. ఆమెను చుగుల్‌ఖోర్ అని తిట్టుకున్నాం. ఈ రోజు అదే పని చేసే యంత్రాన్ని కిస్తులు కట్టి మరీ కొనుక్కుంటున్నాం.

"హిఫాజత్ కోసం" అంటారు. నేనూ అదే అనుకున్నాను. హిఫాజత్‌కి ఒక నిశానీ ఉంది: అది ఎవరి కోసమో వాళ్లకు తెలిసి జరుగుతుంది. కారులో ఎస్ఓఎస్ బటన్ ఉంది, ఆపద వస్తే తను నొక్కుతుంది. అది హిఫాజత్. వాళ్లకు తెలియకుండా చూసేదాన్ని దీన్‌లో తజస్సుస్ అంటారు. సూరె హుజురాత్ పన్నెండో ఆయత్‌లో చెడు గుమాన్, తజస్సుస్, గీబత్, మూడింటినీ ఒకే చోట మనా చేశాడు అల్లాహ్. గుమాన్‌తో మొదలై, తజస్సుస్ మీదుగా గీబత్ దాకా పోయే ఆ దారి నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. బేటీ నిజమే చెప్పినా, మధ్యలో ఆ నలభై నిమిషాలు నా దిల్‌లో ఎన్ని గుమాన్లు తిరిగాయో అల్లాహ్‌కే ఎరుక.

హజ్రత్ ఉమర్ గురించి బయాన్లలో ఒక రివాయత్ చెబుతుంటారు. రాత్రి గస్తీలో ఒక ఇంట్లో గునాహ్ జరుగుతోందని గోడ దూకి పట్టుకున్నారు. ఆ మనిషి, నేను చేసింది ఒక గునాహ్, మీరు చేసినవి మూడు అన్నాడు: తజస్సుస్ చేశారు, దర్వాజా నుంచి రాలేదు, ఇజాజత్ అడగకుండా, సలాం చెప్పకుండా లోపలికి వచ్చారు. ఖలీఫా ఒప్పుకుని వెనక్కి తిరిగారు. నేను ఖలీఫాను కాను, ఐదు కిలోమీటర్ల గోడ మాత్రం దూకాను.

ఇక రెండో సంగతి. నేను బేటీని చూస్తున్నాను సరే, నన్ను చూస్తున్నది ఎవరు? యాపులో నాకు కనిపించే ప్రతి చుక్కా ముందు కంపెనీ సర్వర్‌కి పోయి నా దగ్గరికి వస్తుంది. నేను ఏ మస్జిద్ దగ్గర జుమా చదివానో, ఏ ఆస్పత్రి ముందు ఆగానో దానికి తెలుసు. 2023లో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ పాలసీలు చదివింది. 25కి 25 ఫెయిల్. 84 శాతం బ్రాండ్లు డేటాను ఇతరులకు ఇవ్వొచ్చనో అమ్మొచ్చనో రాసుకున్నాయి. సర్కార్ అడిగితే ఇవ్వొచ్చని 56 శాతం రాసుకున్నాయి. అవి ఇక్కడి పాలసీలు కావు, కానీ ఆ బ్రాండ్లలో కొన్ని మన రోడ్ల మీద కూడా తిరుగుతున్నాయి.

నా రజామందీ సంగతా? డెలివరీ రోజు పూలదండ, మిఠాయి, ఫొటోల హడావుడిలో "అగ్రీ" బటన్ ఆ కుర్రాడే నొక్కాడు. షరతులన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. 2023 డేటా రక్షణ చట్టం ఏమంటుందంటే, రజామందీ అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల అసలు బాధ్యతలకు 18 నెలల మొహలత్ ఇచ్చారు. తన ఏజెన్సీలను మినహాయించుకునే వీలు మాత్రం సర్కార్ చట్టంలోనే పెట్టుకుంది.

2021 లాక్‌డౌన్‌లో పోలీసులు మాస్కు తీయించి తన ఫొటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. నా ఇజాజత్ లేకుండా నా ముఖం ఎందుకు తీసుకున్నారన్నది ఆ సవాల్. మనమంతా సబాష్ అన్నాం. అది చెకింగ్ చేసే పోలీసును అడగాల్సిన సవాలే. మా బేటీ నన్ను అడిగింది కూడా అదే సవాల్. బయట మనకు హక్ అయినది ఇంట్లో వాళ్లకు హక్ కాదా? ఇంట్లో తజస్సుస్‌ని హలాల్ చేసుకున్నవాడు బయట దాని మీద ఏ మూతితో మాట్లాడతాడు?

తర్వాతి ఇత్వార్ నాడు బేటీని పక్కన కూర్చోబెట్టుకుని యాపు తెరిచాను. గీత తీసేయించాను. అలర్టులు ఆపాం. బండి చోరీ అయితే వెతికేది, ఎస్ఓఎస్, రెండే ఉంచాం. ఎవరు నడిపినా ఏమేం నమోదవుతుందో ఇంట్లో అందరికీ చెప్పాను, పెద్దోడితో సహా. బేటీకి మాఫీ అడిగాను. "ఛోడో అబ్బా" అంది గానీ, ఇప్పటికీ బయటికి పోయేటప్పుడు ఎక్కడికి పోతున్నదో మునుపటిలాగా తనంతట తానే చెప్పడం లేదు. భరోసా వెనక్కి రావడానికి వక్త్ పడుతుంది.

కొత్త బండి కొంటున్న భాయీలకు ఒక్క దర్ఖాస్తు. తాళాలు తీసుకునే ముందు "అగ్రీ" బటన్ మీరే నొక్కండి, షరతులు మా జబాన్‌లో ఇవ్వండని అడగండి. యాపు వేసుకునే ముందు ఆ బండి నడిపే ఆడవాళ్లను ఇజాజత్ అడగండి. వాళ్లు వద్దంటే, వద్దు.