గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పండి

లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత హోండా సిటీ ఆటోమేటిక్ ఒకటి ఇంటి ముందు జాక్ స్టాండ్ల మీద నిలబడి ఉందనుకుందాం. 2008 చివర్లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మోడల్, అయిదు గేర్ల బండి. గేర్‌బాక్స్ అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది. ఆ కాలపు హోండాల్లో దాని తలకి పానా పట్టే ఆరు పలకలుండవు, నలుచదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళాల రాట్చెట్ కొస అందులో అచ్చంగా కూర్చుంటుంది. బిగువు వదిలాక చివరి మరలు చేత్తో తిప్పితే చాలు, నూనె ధారకట్టి కింది పళ్లెంలో పడుతుంది. డబ్బాలోంచి పోసిన రోజున దానిమ్మ రసంలా ఎర్రగా ఉన్న నూనె అది. ఇప్పుడు చిక్కటి డికాషన్‌లా ఉంది. బోల్టు కొసకున్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. వేలితో తీస్తే కాటుకలా మెత్తగా వస్తుంది. అది మామూలు అరుగుదల, భయం లేదు. మెత్తటి ముద్ద బదులు వేలికి గుచ్చుకునే ఇనుప రేకులు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చడంతో తీరే సమస్య కాదు.

ఇంజిన్ ఆయిల్ సంగతి కారున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఎప్పుడు మార్చారో, మళ్లీ ఎప్పుడు మార్చాలో సర్వీసు బిల్లు మీదే రాసి ఇస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అడిగితే మాత్రం చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: ‘అది లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్ సార్, మార్చక్కర్లేదు.’ ఎవరి లైఫ్‌టైమ్? కారుదా, గేర్‌బాక్స్‌దా, వారంటీదా? ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వ్యాసం అడుగుతున్నది ఆ జవాబే.

గేర్‌బాక్స్ తయారుచేసేవాళ్లే ఏమంటున్నారో చూడండి. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ బీఎండబ్ల్యూ వంటి కార్లకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు చేసి ఇస్తుంది. వాటిలో ఆయిల్ బండి జీవితాంతం వస్తుందని కార్లు అమ్మేవాళ్లు చెబుతూ వచ్చారు. జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చుకోమంటుంది. ఒకే పెట్టె గురించి చేసినవాడిది ఒక మాట, అమ్మినవాడిది ఒక మాట. డబ్బు పెట్టి కొన్నవాడు చేసినవాడి మాట వినడమే మంచిది.

ఈ నూనె పని ఇంజిన్ ఆయిల్ పనిలాంటిది కాదు. అరుగుదల ఆపడం, వేడి మోసుకుపోవడం రెండూ చేస్తుంది గానీ, అసలు పని వేరు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు అందించేది ఈ నూనే. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇంజిన్ వైపు రెక్కలు విసిరిన నూనె గేర్‌బాక్స్ వైపు రెక్కల్ని తిప్పుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లని నొక్కి గేరు మార్చేది కూడా నూనె ఒత్తిడే. ఆ ప్లేట్లు జారకూడదు, అలాగని ఠక్కున పట్టేసి కుదుపు ఇవ్వకూడదు. ఆ మధ్యస్థమైన పట్టు నూనెలో కలిపే మందుల వల్ల వస్తుంది. ఒకప్పుడు ఆ మందు స్పెర్మ్ తిమింగలం నూనె. 1970ల మొదట్లో అమెరికా తిమింగలాలకి చట్టరక్షణ కల్పించాక దాన్ని మానేసి, కంపెనీలు రసాయనాలతో ప్రత్యామ్నాయం వెతుక్కోవాల్సి వచ్చింది. వేడికీ రాపిడికీ ఆ మందులు క్రమంగా చచ్చుబడతాయి. నూనె పరిమాణం తగ్గకపోవచ్చు, పట్టు మాత్రం తగ్గుతుంది.

పైగా మన వాడకం ఎలాంటిది? చాలా కార్ల మాన్యువళ్లలో కఠిన పరిస్థితులకి ఒక విడి పట్టిక ఉంటుంది. ఆగి ఆగి సాగే ట్రాఫిక్, మండే ఎండ, దుమ్ము, కొండదారులు అందులో కనిపిస్తాయి. మే నెలలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, విజయవాడ బెంజ్ సర్కిల్ మీదుగా బందరు రోడ్డులోకి రోజూ పోయే బండికి మరో పట్టిక చూడాల్సిన పని లేదు.

ఇంట్లో మార్చుకోవచ్చా అంటే, కొన్ని బండ్లకి నిశ్చింతగా మార్చుకోవచ్చు. ముందు తన బండిలో ఉన్నది ఏ ఆటోమేటిక్కో తెలియాలి. క్లచ్ పెడల్ లేనంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర అందరికీ అందుబాటులోకి వచ్చిన ఏఎంటీ లోపల మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వేయడం యంత్రం చేస్తుంది, అంతే. దానికి కావలసింది గేర్ ఆయిల్. సీవీటీలో ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య రాపిడి మీదే నడుస్తుంది. దానికి సీవీటీ ఫ్లూయిడే పోయాలి. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే నూనె (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, గేర్‌బాక్స్ పోయినట్టే. డ్యూయల్ క్లచ్ బండ్లవి మళ్లీ వేరే నూనెలు. హోండాకి డీడబ్ల్యూ-1, టయోటాకి డబ్ల్యూఎస్ అని మాన్యువల్‌లో రాసిన పేరే డబ్బా మీద ఉండాలి. ‘అన్ని బండ్లకీ ఇదే సార్’ అని కౌంటర్‌లో ఇచ్చేది తీసుకోకూడదు.

మళ్లీ ఆ హోండా సిటీ దగ్గరికి వద్దాం. బోల్టు విప్పితే దిగేది రెండున్నర లీటర్ల చిల్లర. మిగతాదంతా టార్క్ కన్వర్టర్‌లో, సందుల్లో ఉండిపోతుంది. మొత్తం 6 లీటర్లు పట్టే పెట్టెలో ఒకసారి మారిస్తే నూటికి 42 పాళ్లే కొత్త నూనె. కొన్నాళ్లు నడిపి మళ్లీ మారిస్తే 66, మూడోసారికి 80 పాళ్లు. ఒక్క రోజులో అంతా కక్కించాలన్న తొందర ఇంటి పనిలో అక్కర్లేదు.

దిగిన నూనెని గీతలున్న సీసాలో కొలవాలి. ఎంత దిగిందో అంతే పోయాలి. అందరూ తేలిగ్గా తీసుకునే పని ఇది, ఇంట్లో చేసేవాడిని కాపాడేదీ ఇదే. బోల్టుకి కొత్త వాషర్ వేయాలి. ఈ హోండాల్లో బోల్టు బిగింపు 49 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ పెట్టె అల్యూమినియంది కాబట్టి బలం కొద్దీ బిగిస్తే మరలు ఊడి వస్తాయి. టార్క్ రెంచ్ లేకపోతే స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకోవడం నయం. సన్నటి గరాటుతో పోశాక ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, ఇంజిన్ కట్టేసిన 60 నుంచి 90 సెకన్ల లోపు డిప్‌స్టిక్ తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే పని అయినట్టే.

డబ్ల్యూఎస్ వాడే టయోటాల్లో చాలావాటికి ఆ డిప్‌స్టిక్కే లేదు. నూనె సుమారు 40 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, ఇంజిన్ నడుస్తుండగా, అడుగున ఒక ప్లగ్ తీసి ధార సన్నబడి చుక్కలుగా మారేదాకా చూడాలి. నూనె చల్లగా ఉంటే లెవెల్ ఒకటి, కాగితే ఇంకొకటి. నడుస్తున్న బండి కింద పడుకుని ఉష్ణోగ్రత చూస్తూ చేయాల్సిన పని కాబట్టి, అలాంటి బండిని లిఫ్టు ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి, పక్కన నిలబడి చేయించుకోవడమే తెలివి. పావలా ఖర్చయ్యే డిప్‌స్టిక్ తీసేసి కంపెనీలు యజమాని చేతిలోంచి ఏం తీసేసుకున్నాయో ఇక్కడ తెలుస్తుంది. దాన్ని మళ్లీ పెట్టమని అడగాలి.

ఒక్క విషయంలో రాజీ లేదు. జాకీ బండిని పైకి లేపడానికే, నిలబెట్టడానికి కాదు. జాక్ స్టాండ్లు పెట్టకుండా, వెనక చక్రాలకి అడ్డు వేయకుండా తల బండి కిందికి పోకూడదు. ఇటుకలు పనికిరావు, బరువుకి పగిలిపోతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నున్నటి టైల్స్ మీద స్టాండు జారుతుంది. అలాంటి చోట ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

‘పాత నూనె తీస్తే గేర్‌బాక్స్ పోతుంది’ అన్న భయం కూడా ఉంది. అప్పటికే గేర్లు జారుతూ, నూనె నల్లబడి మాడు వాసన కొడుతున్న బండికి ఆ దశలో నూనె మార్చి, పది రోజులకి బండి ఆగితే నింద నూనె మీద పడుతుంది. ప్లేట్లు అరిగింది ఆ పది రోజుల్లో కాదు, మార్చకుండా గడిపిన అన్నేళ్లలో. మాడు వాసన వచ్చే బండిని ఇంట్లో ముట్టుకోకుండా గేర్‌బాక్స్ పని తెలిసినవాళ్లకి చూపించాలి. బాగా నడుస్తున్నప్పుడే మార్చడం మొదలుపెట్టాలి.

ఇక హక్కుల మాట. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి అక్కడి 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం అండగా ఉంది. ఇంట్లో ఆయిల్ మార్చుకున్నాడన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ కొట్టేయలేదు. బిల్లులు, తేదీలు, మైలేజీ రాసిపెట్టుకుంటే చాలు. మన దేశంలో 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరీక్ష యంత్రాలు బయటి మెకానిక్‌లకి అందనివ్వాలనీ, బయట చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందని షరతు పెట్టకూడదనీ చెప్పింది. ఆ కేసు అప్పీళ్లకి వెళ్లింది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. కార్ల కంపెనీలు అక్కడ పెట్టాల్సిన మొదటి కాగితం ఇది: ఏ మోడల్‌కి ఏ నూనె, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి, ఎంత వేడిలో లెవెల్ చూడాలి. నాలుగు వరుసలు. తెలుగులో కూడా ఇవ్వాలి, ఎందుకంటే ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ విప్పే కుర్రాడు చదివేది తెలుగే.

పళ్లెంలో దిగిన నూనె ఇంకా అలాగే ఉంది. ఒక్క ఆయిల్ చేంజ్‌లో దిగిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. అక్కడ ఆటోజోన్ వంటి దుకాణాలకి పట్టుకెళితే డబ్బు అడగకుండా తీసుకుంటారు. ఇక్కడ 2024 ఏప్రిల్ 1 నుంచి వాడేసిన నూనె తిరిగి శుద్ధికి వెళ్లేలా చూడాల్సిన బాధ్యత నూనె కంపెనీలదేనని కేంద్రం నిబంధన తెచ్చింది. అయితే రెండున్నర లీటర్ల డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరినవాడికి ఎదురయ్యేది ఇప్పటికీ మెకానిక్ షెడ్డులోని పీపానే. ఆయిల్ డబ్బా కొన్న దుకాణంలోనే పాత నూనె తీసుకునే ఏర్పాటు పెట్టమని ఆ కంపెనీలని అడగాలి. అది వచ్చేదాకా కాలవలో పోయకుండా, మూత గట్టిగా బిగించి, ఆ పీపా దాకా మోసుకెళ్లాలి.